మొజార్ట్ కాన్సెర్టోలో, సింఫనీలో మూడ్ మారే చోటును చెవితో పట్టుకోవడం ఎలా?

"మొజార్ట్ వింటున్నాం, హాయిగానే ఉంది. కానీ అన్నీ ఒకేలా వినిపిస్తున్నాయి. ఏది సంతోషం, ఏది దిగులు, ఎక్కడ మారింది, ఎలా తెలుస్తుంది?" పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం గురించి ఎప్పుడు రాసినా పాఠకుల నుంచి వచ్చే ప్రశ్న ఇదే. జవాబు చదివితే రాదు, వింటేనే వస్తుంది. అందుకని ఎక్కడ చెవి పెట్టాలో, ఏం వినాలో, సరిగ్గా విన్నామో లేదో ఎలా సరిచూసుకోవాలో వరుసగా చెబుతాను.

ఇందుకు రెండు రచనలు చాలు. ఒకటి పియానో కాన్సెర్టో (ఒక వాద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో, అంటే వాద్యబృందంతో, కలిసి వాయించే రచన) నంబర్ 23, ఎ మేజర్‌లో ఉంది. మొజార్ట్ దీన్ని 1786 మార్చి 2న తన రచనల పట్టికలో నమోదు చేసుకున్నాడు. రెండోది సింఫనీ (ఆర్కెస్ట్రా అంతా కలిసి వాయించే రచన) నంబర్ 40, జి మైనర్‌లో ఉంది, 1788 జూలై 25 నాటిది. ఎ, జి అనేవి షడ్జమంగా తీసుకున్న స్వరాల పేర్లు, మేజర్, మైనర్ అంటే ఏమిటో రెండో మెట్టులో చెబుతాను. రెండూ వియన్నాలో రాసినవే. రెండింటిలోనూ ట్రంపెట్లు లేవు, టింపనీ డోళ్లు లేవు. కాబట్టి హడావిడి శబ్దం వల్ల మూడ్ మారిందని పొరబడే అవకాశం తక్కువ. పైకి చూస్తే మొదటిది నవ్వుముఖం, రెండోది కలత. లోపలికి వెళితే నవ్వుముఖం వెనక ఆ రచన మొత్తంలో అతి దిగులైన ఏడు నిమిషాలున్నాయి, కలత మధ్యలో ప్రశాంతమైన చోట్లున్నాయి. ఈ జంటను ఎంచుకోవడానికి కారణం అదే.

కావలసినవి

- రెండు రచనల పూర్తి రికార్డింగులు. కాన్సెర్టోకి మూడు మూవ్‌మెంట్లు (విడివిడి భాగాలు), సుమారు 26 నిమిషాలు. సింఫనీకి నాలుగు మూవ్‌మెంట్లు, రిపీట్లు ఎన్ని వాయిస్తారన్న దాన్ని బట్టి 26 నుంచి 35 నిమిషాలు.
- హెడ్‌ఫోన్ లేదా మోస్తరు స్పీకర్. ఫోన్ స్పీకర్ వద్దు. ఈ రెండు రచనల్లో దిగులంతా వయోలాల్లో (వయోలిన్ కన్నా కాస్త పెద్దవి, కింది స్వరాలవి), బసూన్లలో (కింది స్వరాల గాలివాద్యాలు), పియానో ఎడమచేతిలో ఉంటుంది. ఫోన్ స్పీకర్ ముందు మింగేసేది వాటినే.
- ఫోన్‌లో ఒక కీబోర్డ్ యాప్, ఒక తంబూరా యాప్. ఇంట్లో హార్మోనియం, శ్రుతిపెట్టె ఉంటే ఇంకా మంచిది.
- కాగితం, కలం.
- అంతరాయం లేని గంట. ఒకే రోజు కుదరకపోతే కాన్సెర్టో ఒక రోజు, సింఫనీ మర్నాడు వినండి. ఒక్కో రచనను మాత్రం ముక్కలు చేయకండి.

నొటేషన్ చదవడం రావాల్సిన పని లేదు. వచ్చినవాళ్లకు రెండింటి స్కోర్లూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కానీ మొదటిసారి స్కోరు మూసేసి వినండి. కళ్లు కాగితం మీదుంటే చెవి బద్ధకిస్తుంది.

1. సరైన రికార్డింగ్ వెతకండి

పేరుతో కాకుండా నంబరుతో వెతకండి. మొజార్ట్ రచనలకు కోషెల్ అనే ఆయన 1862లో అచ్చువేసిన పట్టిక ప్రకారం నంబర్లున్నాయి. కాన్సెర్టో కె. 488, సింఫనీ కె. 550. "మొజార్ట్ జి మైనర్ సింఫనీ" అని మాత్రమే వెతికితే 25వ సింఫనీ రావచ్చు, అదీ జి మైనరే.

కాన్సెర్టోకి మౌరిట్సియో పొలీనీ పియానో, కార్ల్ బోమ్ నిర్వహణలో వియన్నా ఫిల్హార్మోనిక్ చేసిన రికార్డింగ్‌తో మొదలుపెట్టండి. అన్ని వాద్యాలూ స్పష్టంగా వినిపిస్తాయి. సింఫనీకి అదే బోమ్ బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో చేసినది నెమ్మదిగా, బరువుగా ఉంటుంది. చార్ల్స్ మెకెరాస్ స్కాటిష్ ఛాంబర్ ఆర్కెస్ట్రాతో చేసినది చురుగ్గా నడుస్తుంది. కొత్తవాళ్లకు మెకెరాస్‌ది అయితేనే సింఫనీలోని ఆదుర్దా వెంటనే అందుతుంది.

జాగ్రత్తలు రెండు. "రిలాక్సింగ్ మొజార్ట్", "పిల్లల తెలివికి మొజార్ట్" లాంటి సంకలనాల్లో ఒక్కో మూవ్‌మెంట్‌ని విడదీసి పెడతారు. మూడ్ మారేది మూవ్‌మెంట్ల మధ్య కూడా కాబట్టి అవి ఈ పనికి పనికిరావు. రెండోది, యాప్‌లో షఫుల్ తీసేయండి, శబ్దాన్ని ఒకే మట్టానికి తెచ్చే సెట్టింగ్ ఉంటే అదీ ఆపేయండి. మెల్లగా వాయించిన చోటు మెల్లగానే వినబడాలి.

2. ముందు గాంధారంతో చెవిని సిద్ధం చేసుకోండి

సిద్ధాంతం ఇంతే, ఇంతకు మించి అక్కర్లేదు. కీబోర్డ్ యాప్‌లో స, అంతర గాంధారం, ప (సి, ఇ, జి మీటలు) మూడూ కలిపి నొక్కండి. అది మేజర్. ఇప్పుడు గాంధారం ఒక్కటీ అర మెట్టు దించి సాధారణ గాంధారం (ఇ పక్కన ఎడమవైపు నల్లమీట) చేసి మళ్లీ మూడూ నొక్కండి. అది మైనర్. మారింది ఒక్క స్వరమే, వెలుగు తగ్గినట్టు అనిపిస్తుంది. ఇదే పని కళ్లు మూసుకుని పది పన్నెండు సార్లు చేయండి. ఇంట్లో ఇంకెవరైనా నొక్కుతుంటే ఏది మేజరో, ఏది మైనరో చెప్పండి. తప్పకుండా చెప్పగలిగాకే మూడో మెట్టుకు రండి.

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు మేజర్ అంటే శంకరాభరణం స్వరాలు, మైనర్ అంటే చాలా చోట్ల కీరవాణి, కొన్ని చోట్ల నటభైరవి స్వరాలు. అయితే స్వరాల వరుస కలిసిందని దీన్ని రాగంలా వినబోతే నిరాశే మిగులుతుంది. గమకం కోసం ఎదురుచూస్తారు, అది రాదు. ఇక్కడ రంగు మారేది కింద ఒకేసారి మోగే స్వరాల గుంపు మారినప్పుడు. పైన పాట అదే ఉండి కింద పునాది మారవచ్చు. చెవి కాస్త కిందికి కూడా పెట్టండి.

3. కాన్సెర్టో మొదటి మూవ్‌మెంట్: వెలుగును గుర్తుపెట్టుకోండి

మొదటి రెండు నిమిషాలు పియానో రాదు. ఆర్కెస్ట్రా ఒక్కటే వాయిస్తుంది. "పియానో కాన్సెర్టో అన్నారు, పియానో ఏది?" అని ముందుకు జరపకండి. తర్వాత పియానో చెప్పబోయే మాటలన్నీ అక్కడే పరిచయమవుతాయి. వయోలిన్లు మొదటి పాట ఎత్తుకుంటాయి, గాలివాద్యాలు దాన్నే అందుకుంటాయి. ఆ గాలివాద్యాల్లో ఒబోలు లేవు, వాటి స్థానంలో రెండు క్లారినెట్లున్నాయి. ఈ కాన్సెర్టోకి ఉన్న మెత్తదనంలో సగం క్లారినెట్లదే. మొజార్ట్ 1786 సెప్టెంబర్‌లో ఈ కాన్సెర్టోను జర్మనీలోని డోనావెషింగెన్ ఆస్థానానికి పంపుతూ, అక్కడ క్లారినెట్లు లేకపోతే ఆ భాగాలను ఒక వయోలిన్, ఒక వయోలా వాయించవచ్చని రాశాడు. అప్పటికి క్లారినెట్ ప్రతి ఆర్కెస్ట్రాలోనూ ఉండే వాద్యం కాదు.

ఈ మెట్టులో చేయాల్సింది ఒక్కటే. పియానో వచ్చి మొదటి పాటను తనదిగా వాయించేదాకా విని, కాగితం మీద ఈ సంగీతం ఏం చేస్తోందో రాయండి. ఇక్కడ ఒక షరతు. విశేషణం రాయకూడదు, క్రియ రాయాలి. "సంతోషంగా ఉంది" అని రాస్తే తర్వాత పోల్చుకోవడానికి ఏమీ మిగలదు. "నడుస్తోంది", "పలకరిస్తోంది", "అటూ ఇటూ చూస్తోంది", ఇలా రాయండి. నా అనుభవంలో వినేవాళ్ల చెవిని అన్నింటికన్నా త్వరగా పదును చేసే అలవాటు ఇది.

మిగతా మూవ్‌మెంట్ అంతా అలాగే వినండి. చివర్లో ఆర్కెస్ట్రా ఆగి పియానో ఒక్కటే కాసేపు వాయించే చోటును కెడెంజా అంటారు. చాలా కాన్సెర్టోల్లో దాన్ని వాయించేవాళ్లకే వదిలేసేవారు. ఇందులో మొజార్ట్ దాన్ని స్కోరులోనే రాసిపెట్టాడు.

4. కాన్సెర్టో రెండో మూవ్‌మెంట్: తొందరపడకండి

ఈ మూవ్‌మెంట్‌కి తీరిక ఇవ్వండి. అడాజియో, అంటే బాగా నెమ్మది. ఎఫ్ షార్ప్ మైనర్‌లో, అంటే ఎఫ్ షార్ప్ షడ్జమంగా ఉన్న మైనర్‌లో ఉంది. మొజార్ట్ ఒక మూవ్‌మెంట్ మొత్తాన్ని ఈ స్వరస్థానంలో రాసింది ఇదొక్కటే. సుమారు ఏడు నిమిషాల్లో అయిపోతుంది. ఇందులో చెవి పెట్టాల్సిన చోట్లు నాలుగు. సమయాలు ఏడు నిమిషాల రికార్డింగ్‌కి చెబుతున్నాను, మీ దాంట్లో కాస్త అటూ ఇటూ కావచ్చు.

మొదలు. పియానో ఒంటరిగా మొదలవుతుంది. ఊగే లయ, కానీ జోలపాట కాదు. పాట ఉన్నట్టుండి చాలా కిందికి దూకి, మళ్లీ పైకి వస్తుంది. ఆ దూకుళ్ల మధ్య ఖాళీని వినండి.

ముప్పావు నిమిషం దాటాక. ఆర్కెస్ట్రా వస్తుంది. అది పియానో పాటను తిరిగి చెప్పదు, వేరే పాట ఎత్తుకుంటుంది. క్లారినెట్, వయోలిన్లు పైన, బసూన్ కింద. మొదటి మూవ్‌మెంట్‌లో పియానో, ఆర్కెస్ట్రా ఒకే మాట పంచుకున్నాయి. ఇక్కడ ఎవరి దుఃఖం వారిది. కాన్సెర్టోలో మూడ్ అన్నది స్వరాల్లోనే కాకుండా, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారన్న దాంట్లో కూడా ఉంటుందని ఇక్కడ తెలుస్తుంది.

సుమారు రెండున్నర నిమిషాలకు. ఫ్లూట్, క్లారినెట్లు ఎ మేజర్‌లో కొత్త పాట మొదలుపెడతాయి. రెండో మెట్టులో మీరు నేర్చుకున్న మార్పు ఇదే. వెలుతురు వస్తుంది. ఒక నిమిషం పైచిలుకు ఉంటుంది, తర్వాత పియానో మొదటి పాటతో తిరిగి వస్తుంది. ఆ తిరిగి వచ్చే చోట పాజ్ చేసి సమయం రాసుకోండి. సరిచూసుకునేటప్పుడు కావాలి.

ఆఖరి నిమిషం. వయోలిన్ బృందం విల్లు పక్కనపెట్టి తీగలను వేళ్లతో మీటుతుంది. పియానో చాలా దూరదూరంగా ఉన్న స్వరాలను ఒక్కొక్కటిగా వాయిస్తుంది. కొందరు పియానిస్టులు ఆ స్వరాల మధ్య అలంకారాలు చేర్చి నింపుతారు, కొందరు రాసినది రాసినట్టే వాయిస్తారు. నాకు నింపనిదే ఇష్టం. కానీ మొజార్ట్ కాలంలో అలంకరించే అలవాటు ఉంది కాబట్టి నింపినవాళ్లది తప్పనలేం. మీ రికార్డింగ్‌లో ఏది చేశారో రాసుకోండి.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, నెమ్మదిగా ఉంది కాబట్టి దిగులు అనుకోవడం. వేగం వేరు, దిగులు వేరు. మధ్యలో వచ్చిన ఎ మేజర్ భాగం కూడా అదే వేగంలో ఉంది, అయినా దిగులు లేదు.

5. ఆపకుండా మూడో మూవ్‌మెంట్‌లోకి వెళ్లండి

అడాజియో అయ్యాక కాఫీకి లేవకండి. మూడో మూవ్‌మెంట్ పియానోతో ఒక్క ఉదుటున మొదలవుతుంది. ఆ మొదటి రెండు సెకన్లలో కలిగే ఉలికిపాటే ఈ కాన్సెర్టోలో అతి పెద్ద మూడ్ మార్పు. మధ్యలో విరామం ఇస్తే అది పోతుంది.

మిగతా ఎనిమిది నిమిషాలూ ఉత్సాహంగా సాగుతాయి. మధ్యలో మైనర్‌లోకి వెళ్లే చోట్లు కూడా ఉన్నాయి, కానీ అంత పరుగులో అవి దిగులుగా అనిపించవు. మైనర్ అంటే దుఃఖం అని గీత గీసుకోకూడదని ఈ చోట్లే చెబుతాయి.

6. సింఫనీ మొదటి మూవ్‌మెంట్: ఒకే పాట, రెండు మూడ్‌లు

ఇది అసలైన పాఠం. తొలి పాట మీలో చాలామందికి ముందే తెలుసు. సలిల్ చౌధురి 1961 నాటి "ఛాయా" హిందీ సినిమాలోని "ఇత్నా నా ముఝ్‌సే తూ ప్యార్ బఢా" పాటకు దీన్నే ఆధారం చేసుకున్నారు. పాత సెల్‌ఫోన్లలో రింగ్‌టోన్‌గానూ తెగ మోగింది. ఈ పరిచయం వల్ల లాభం ఉంది, చిక్కూ ఉంది. చెవి తెలిసిన పాటను పట్టుకుని దాని కింద ఏముందో వదిలేస్తుంది. అందుకే మొదటిసారి పాటను పక్కన పెట్టి, దానికి ముందు ఏముందో వినండి. వయోలిన్లు పాట ఎత్తుకునే ముందే వయోలాలు కింద గుసగుసగా, ఆగకుండా కదులుతుంటాయి. ఒక్క సెకను లోపే. సింఫనీ మొదలయ్యేసరికే ఏదో జరుగుతున్నట్టు, మనం ఆలస్యంగా వచ్చినట్టు అనిపిస్తుంది. ఆదుర్దా అంతా అక్కడుంది. వినబడకపోతే హెడ్‌ఫోన్ సరిచేసుకుని మళ్లీ మొదటి పది సెకన్లు వినండి. వినబడేదాకా ముందుకు వెళ్లవద్దు.

ఇప్పుడు అసలు పని.

(అ) సుమారు 50 సెకన్ల దగ్గర ఆర్కెస్ట్రా గట్టిగా వాయించి ఒక్కసారి ఆగుతుంది. నిశ్శబ్దం. తర్వాత రెండో పాట వస్తుంది. మెల్లగా జారుతూ దిగే పాట, వయోలిన్లు, గాలివాద్యాలు చిన్న చిన్న ముక్కలుగా పంచుకుంటాయి. ఇది బి ఫ్లాట్ మేజర్‌లో ఉంది. నిట్టూర్పులా ఉన్నా ఊరటగా ఉంటుంది. క్రియ రాయండి.

(ఆ) ఈ మొదటి భాగం మొత్తం సుమారు రెండు నిమిషాలు. చాలా రికార్డింగుల్లో దాన్ని మళ్లీ మొదటి నుంచి వాయిస్తారు. రికార్డింగ్ చెడిపోయిందనుకోకండి, అది మొజార్ట్ అడిగిన రిపీట్. రెండో పాటను గుర్తుపెట్టుకోవడానికి మీకు దొరికిన రెండో అవకాశం కూడా.

(ఇ) మధ్య భాగం గడిచాక తొలి పాట తిరిగి వస్తుంది. దాని తర్వాత, రిపీట్ ఉన్న రికార్డింగ్‌లో సుమారు ఆరు నిమిషాల దగ్గర, రిపీట్ లేకపోతే నాలుగు దాటాక, రెండో పాట మళ్లీ వస్తుంది. అదే నడక, అదే జారుడు, అవే వాద్యాల పంపకం. కానీ ఈసారి జి మైనర్‌లో. ఊరట పోయింది.

(అ)లో చోటు, (ఇ)లో చోటు ఒకదాని వెంట ఒకటి మూడు సార్లు వినండి. మొజార్ట్ కొత్త పాట రాయలేదు, వేగం మార్చలేదు, శబ్దం పెంచలేదు. ఉన్న పాట కింద నేల మార్చాడు. మూడ్ అంటే మొత్తం రచనకు అంటించే చీటీ కాదనీ, ఒకే పాట రెండు చోట్ల రెండు రకాలుగా మారడమనీ నేను ఎన్ని మాటల్లో చెప్పినా ఈ రెండు ముక్కలు చెప్పినంత బాగా చెప్పలేను. తేడా తెలియకపోతే నిరాశపడకండి. రెండో మెట్టుకు వెళ్లి గాంధారం అభ్యాసం ఇంకో రోజు చేసి రండి. అది వినబడని చెవి నాకింతవరకు తారసపడలేదు, కొందరికి ఆలస్యంగా వినబడుతుంది అంతే.

ప్రత్యామ్నాయం: సమయాలు వెతకడం కష్టమనిపిస్తే నాలుగో మూవ్‌మెంట్‌లో ప్రయత్నించండి. అక్కడ కూడా రెండో పాట ముందు బి ఫ్లాట్ మేజర్‌లో వచ్చి, తర్వాత జి మైనర్‌లో తిరిగి వస్తుంది.

7. రెండు రచనలు కలిసే చోటు

మొదటి మూవ్‌మెంట్‌కే ఇంకోసారి రండి. మొదటి భాగం, దాని రిపీట్ అయిపోగానే, అంటే దాదాపు మూడు నిమిషాల నలభై అయిదు సెకన్ల దగ్గర (రిపీట్ లేకపోతే రెండు నిమిషాల లోపే), గాలివాద్యాలు మెట్లు దిగినట్టు దిగుతాయి. వెంటనే తొలి పాట ఏదో తెలియని చోటు నుంచి వినబడుతుంది. అది ఎఫ్ షార్ప్ మైనర్, సమయం రాసుకోండి. కాన్సెర్టో అడాజియోది కూడా అదే కదా. అక్కడ ఆ స్వరస్థానం సొంత ఇల్లు, ఏడు నిమిషాలు అక్కడే కూర్చుంది. ఇక్కడ జి మైనర్ నుంచి అర మెట్టు కిందికి జారి పడింది, నిలవకుండా వెంటనే ఇంకో చోటికి, ఇంకో చోటికి మారిపోతుంది. అడాజియో మొదటి అర నిమిషం, సింఫనీలో ఈ ఇరవై సెకన్లు పక్కపక్కన వినండి. ఒకే మైనర్ ఒక చోట నిలకడైన దిగులు, ఇంకో చోట దారి తప్పిన కంగారు. స్వరస్థానం పేరు చూసి మూడ్ ఊహించేవాళ్లకు ఇది మంచి విరుగుడు.

8. సింఫనీలో మిగతా మూడు మూవ్‌మెంట్లు

రెండోది, ఆందాంతే (నడక వేగం), ఇ ఫ్లాట్ మేజర్. మెల్లగా కొట్టే ఒకే స్వరం, మొదట వయోలాలు, తర్వాత రెండో వయోలిన్లు, తర్వాత మొదటి వయోలిన్లు ఒకరి తర్వాత ఒకరు చేరతారు. ప్రశాంతమే, కానీ మధ్యలో రెండేసి స్వరాల చిన్న రెపరెపలు ఆ ప్రశాంతతను నిలవనివ్వవు. మూడోది మినుయెట్. పేరుకి నాట్యం, వింటే ఎవరూ నాట్యం చేయలేరు, తాళం అంత మొండిగా అడ్డం తిరుగుతుంది. దాని మధ్యలో ట్రియో అనే భాగం జి మేజర్‌లో వస్తుంది. సింఫనీ మొత్తంలో హాయిగా ఊపిరి పీల్చుకునే చోటు అదే. వెంటనే మినుయెట్ తిరిగి వస్తుంది.

నాలుగోది చూడండి. పాట మెల్లగా పైకి ఎగబాకుతుంది, ఆర్కెస్ట్రా గట్టిగా జవాబిస్తుంది. మెల్లగా, గట్టిగా, మెల్లగా, గట్టిగా. మధ్య భాగం మొదట్లో అందరూ కలిసి ఒకే గీతను విరిచి విరిచి వాయిస్తారు. ఆ కొద్ది క్షణాల్లో సప్తకంలోని పన్నెండు స్వరస్థానాల్లో పదకొండు వినబడతాయి. రానిది ఒక్క జి, అంటే ఈ సింఫనీ షడ్జమం! నేల ఒక్కసారిగా మాయమైనట్టు అనిపించడానికి కారణం అదే. ఆ కాలంలో మైనర్‌లో మొదలైన రచనను చివరికి మేజర్‌లోకి తెచ్చి ముగించడం చాలాసార్లు చేసేవారు. ఈ సింఫనీ అలా చేయదు, జి మైనర్‌లోనే ముగుస్తుంది.

తరచూ జరిగే పొరపాట్లు

జీవితచరిత్రను మూడ్‌కి అంటించడం. 1788 జూన్ 29న మొజార్ట్ పసికూతురు తెరేసియా చనిపోయింది. ఆ వేసవిలోనే ఆయన మిత్రుడు పూఖ్‌బర్గ్‌కు అప్పు కోసం ఉత్తరాలు రాశాడు. "అందుకే 40వ సింఫనీ అంత కలతగా ఉంది" అని రాసేవాళ్లు ఎక్కువ. కానీ 40వది పూర్తయిన పదహారు రోజులకే, ఆగస్టు 10న, సి మేజర్‌లో వెలుగులు చిమ్మే 41వ సింఫనీ పూర్తయింది. దానికీ అదే వేసవి, అవే అప్పులు. జీవితం గురించి తప్పకుండా చదవండి, విన్నాక చదవండి.

ఒకే మూడ్ సరైనదని పట్టుబట్టడం. ఇదే 40వ సింఫనీలో 19వ శతాబ్దపు జర్మన్ సంగీతకర్త రాబర్ట్ షూమన్‌కు గ్రీకు తరహా తేలికైన లావణ్యం వినిపించింది. తర్వాతి తరాల్లో చాలామందికి ఇందులో విషాదమే వినిపించింది. మీ కాగితం మీది క్రియ వేరేవాళ్ల దానితో కలవకపోతే మీది కొట్టేయకండి. ఎక్కడ మారిందన్నది కలిస్తే చాలు.

వాద్యం తేడాను మూడ్ తేడా అనుకోవడం. 40వ సింఫనీకి మొజార్ట్ తయారుచేసిన రూపాలు రెండు. మొదటి దాంట్లో క్లారినెట్లు లేవు, రెండో దాంట్లో చేర్చాడు. ఒక రికార్డింగ్‌లో ఒబో వాయించిన ముక్క ఇంకో దాంట్లో క్లారినెట్‌లో రావచ్చు. రంగు మెత్తబడుతుంది, స్వరాల నడక అదే.

ఒకే రోజు నాలుగైదు రికార్డింగులు వినేయడం. చెవి అలసిపోయాక అన్నీ మళ్లీ ఒకేలా వినిపిస్తాయి, తిరిగి మొదటి ప్రశ్నకే వస్తారు.

సరిగ్గా విన్నారో లేదో చూసుకోవడం ఎలా?

తంబూరా పరీక్ష. తంబూరా యాప్‌లో ఐదు శ్రుతి, అంటే జి, పెట్టి సన్నగా మోగనివ్వండి. దానిమీద సింఫనీ మొదటి మూవ్‌మెంట్ పెట్టండి. మొదట్లో కలిసిపోతుంది. రెండో పాట బి ఫ్లాట్‌లో వచ్చినప్పుడు గొడవ పెద్దగా ఉండదు, ఎందుకంటే జి స్వరం ఆ మేజర్‌లో కూడా ఉంది. ఎఫ్ షార్ప్ మైనర్ వచ్చేసరికి తంబూరా సంగీతంతో కలవక బాగా గీసుకుంటుంది. తర్వాత తొలి పాట సొంతచోటికి వచ్చినప్పుడు మళ్లీ ఒదుగుతుంది. ఏడో మెట్టులో మీరు రాసుకున్న సమయం, తంబూరా గీసుకున్న సమయం కలిస్తే మీ చెవి సరిగ్గా పట్టింది.

కాన్సెర్టో మొదటి, మూడో మూవ్‌మెంట్లకు ఆరు శ్రుతి పెట్టండి. అడాజియోకి మాత్రం నాలుగున్నర పెట్టాలి. ఆరు శ్రుతి అలాగే ఉంచితే పరీక్ష పనిచేయదు, ఎందుకంటే ఎ స్వరం ఎఫ్ షార్ప్ మైనర్‌కు గాంధారం, గీసుకోకుండా తప్పించుకుంటుంది.

ఒక హెచ్చరిక: పాతకాలపు వాద్యాలతో వాయించే ఆర్కెస్ట్రాలు, ఉదాహరణకు జాన్ ఎలియట్ గార్డినర్ బృందం, శ్రుతి కాస్త కిందికి పెట్టుకుంటాయి. అలాంటి రికార్డింగ్‌తో తంబూరా మొదటి నుంచీ గీసుకుంటుంది. యాప్‌లో శ్రుతిని కొద్దిగా దించి సరిచేసుకోండి, లేదా ఈ పరీక్షకు మామూలు ఆర్కెస్ట్రా రికార్డింగ్ వాడండి.

దాగుడుమూతల పరీక్ష. ఇంట్లో ఎవరినైనా సింఫనీ మొదటి మూవ్‌మెంట్‌లో రెండో పాట ఉన్న రెండు చోట్లలో ఒకదాన్ని తమకు నచ్చినట్టు పెట్టమనండి. అది మొదటిదో, తిరిగి వచ్చినదో పది సెకన్లలో చెప్పండి. అయిదింటిలో నాలుగు సరిగ్గా వస్తే ఆరో మెట్టు పూర్తయినట్టే. మూడు, అంతకన్నా తక్కువ వస్తే మీరు ఊహిస్తున్నారు, వినడం లేదు.

రెండో రికార్డింగ్ పరీక్ష. వారం తర్వాత అడాజియోను ఇంకో పియానిస్టు చేత వినండి. కార్లో మరియా జులీనీ నిర్వహణలో వ్లదిమీర్ హోరోవిట్జ్ వాయించినది పొలీనీ కన్నా చురుగ్గా సాగుతుంది. నాలుగో మెట్టులో విన్న నాలుగు చోట్లు ఇక్కడ కూడా దొరకాలి, సమయాలు మాత్రం ముందుకు జరుగుతాయి. మొదటి రికార్డింగ్‌లో మీరు "దిగులు" అన్నది కేవలం నెమ్మదితనమే అయితే ఇక్కడ అది మాయమవుతుంది. స్వరాల్లోదే అయితే ఈ వేగంలోనూ నిలుస్తుంది.

ఈ పరీక్షలన్నీ దాటినవాళ్లు తర్వాత తీసుకోవాల్సిన జంట కాన్సెర్టో నంబర్ 20, డి మైనర్, కె. 466, దానికి ఎదురుగా సింఫనీ నంబర్ 41, సి మేజర్, కె. 551. ఇక్కడ పాత్రలు తారుమారు, కలత కాన్సెర్టోది, వెలుగు సింఫనీది. కె. 466 ఆఖరి మూవ్‌మెంట్‌లో, కెడెంజా అయ్యాక, డి మైనర్ నుంచి డి మేజర్‌లోకి మారే చోటు వెతకండి. రెండు శ్రుతి పెట్టుకుని, ఈసారి తంబూరా గీసుకోవడం కోసం చూడకండి, షడ్జమం మారదు. గాంధారం ఒక్కటే మారుతుంది.